ఒళ్లో పట్టే సంచి: లిఫ్టు అడుగుతూ దూరం వెళ్లేవాళ్లకు ఏడు కిలోల సర్దుడు

బస్సుకో రైలుకో సర్దుకునే సంచి వేరు, లిఫ్టు అడుగుతూ వెళ్లేవాళ్ల సంచి వేరు. బస్సులో పైన క్యారియర్ ఉంటుంది, రైల్లో బెర్తు కింద చోటుంటుంది. లారీ క్యాబిన్‌లో డ్రైవరు, క్లీనరు, వాళ్ల వంట సామాను, పరుపు పోగా మీకు మిగిలేది కూర్చునేంత జాగా. సంచి మీ ఒళ్లోనే ఉండాలి. దూరం నుంచి మిమ్మల్ని చూసిన డ్రైవరు బ్రేకు మీద కాలు వెయ్యాలా వద్దా అనేది సగం మీ సంచిని చూసే తేల్చుకుంటాడు. అందుకే ఇక్కడ కొలత రెండు రకాలు. బరువు ఏడు కిలోలు దాటకూడదు. ఆకారం ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో చుట్టేసేలా ఉండాలి.

ఈ లెక్కలన్నీ దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి బయల్దేరేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి. ఉదాహరణకి ఒక దారి తీసుకుందాం. బరంపురం నుంచి దిగపహండి, మోహన, రాయగడ, లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్. అక్కడినుంచి జయపురం, జగదల్‌పూర్, కేశ్‌కాల్ ఘాట్, రాయ్‌పూర్. ఆపైన రాజనంద్‌గావ్, భండారా మీదుగా నాగపూర్. ఈ ఒక్క దారిలోనే సముద్రపు ఉక్కపోత, దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్ చలి, విదర్భ ఎండ మూడూ తగులుతాయి. మూడింటికీ మూడు జతల బట్టలు పెట్టుకుంటే పని కాదు. ఒకే జతను మూడు రకాలుగా తొడగాలి.

ముందు సంచి ఎంచుకోవడం

30 లీటర్ల సంచి చాలు. ఎత్తు 50 సెంటీమీటర్లు, వెడల్పు 30, లోతు 20 ఉంటే లెక్క సరిగ్గా 30 లీటర్లకి వస్తుంది. ఖాళీ సంచి బరువు 800 గ్రాములు దాటకూడదు. ఇనప ఫ్రేము ఉన్న 60 లీటర్ల ట్రెక్కింగు సంచులు ఖాళీగానే రెండు కిలోలు తూగుతాయి. పైగా సంచిలో చోటుంటే మనిషి ఊరుకోడు, ఏదో ఒకటి కుక్కుతాడు.

వెడల్పు 30 సెంటీమీటర్లే ఎందుకంటే, మన జిల్లాల లోపలి రోడ్ల మీద దొరికే లిఫ్టుల్లో ఎక్కువ భాగం మోటారు సైకిళ్లే. వెనక కూర్చున్నప్పుడు సంచి భుజాలకి బయటికి పొడుచుకొస్తే ఎదురొచ్చే లారీకో పక్కనున్న కొమ్మకో తగులుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి లాగుతుంది, బండి ముందు చక్రం తేలిక పడుతుంది. పట్టీలు బిగించి సంచిని వీపుకి అంటిపెట్టుకుంటే ఈ లాగుడు తగ్గుతుంది.

కొనేముందు మూడు చోట్ల చూడండి. భుజం పట్టీ సంచికి కలిసే చోట అడ్డంగా, ఐమూలగా కుట్లు ఉండాలి. ఒకే వరస కుట్టు ఉన్న సంచి బరువు మొయ్యగానే అక్కడే పిగులుతుంది. జిప్పు పళ్లు లావుగా ఉండాలి. ఛాతీ మీద కట్టుకునే చిన్న బెల్టు ఉంటే మంచిది. లారీ క్యాబిన్‌లోకి ఎక్కేటప్పుడు రెండు చేతులూ కమ్మీలు పట్టుకోవాలి కదా, సంచి పక్కకి జారకుండా అదే ఆపుతుంది.

ఇంకో మాట: మిలిటరీ ఆకుపచ్చ రంగు, మచ్చల డిజైను ఉన్న సంచి గానీ ప్యాంటు గానీ వద్దు. మల్కన్‌గిరి, బస్తర్, గడ్చిరోలి వైపు భద్రతా దళాలు తిరిగిన ఊళ్లు చాలా ఉన్నాయి. అలాంటి బట్టల్లో కొత్త మనిషి కనిపిస్తే అటు పోలీసుకీ అనుమానమే, ఇటు ఊరివాళ్లకీ బెరుకే. నీలం, ఎరుపు, పసుపు ఏదైనా పర్లేదు. సాయంత్రం వేళ రోడ్డు పక్కన నిలబడితే లేత రంగే తొందరగా కనబడుతుంది కూడా.

బరువు లెక్క

కిరాణా కొట్టు కాటా మీద ఒక్కో వస్తువూ తూచి కాగితం మీద రాయండి. "తేలిగ్గానే ఉంది" అనుకున్న వస్తువులన్నీ కలిపి రెండు కిలోలవుతాయి. మనిషికి ఉజ్జాయింపు ఇది:

సంచి 800 గ్రాములు. మోసుకెళ్లే బట్టలు 1,500. పడక 1,000. వాన సామాను 400. సబ్బు, తువ్వాలు వగైరా 350. మందులు 200. ఫోన్లు, పవర్ బ్యాంకు, టార్చి 650. కాగితాలు, నడుం పర్సు, తాడు, సూది దారం 300. రబ్బరు చెప్పులు 250. నీళ్లు సీసాతో కలిపి 1,050. తిండి 500. మొత్తం సరిగ్గా 7 కిలోలు. ఒంటి మీద ఉన్న బట్టలు, బూట్లు ఇందులో లేవు.

ఏప్రిల్, మే నెలల్లో నాగపూర్ వైపు వెళ్తే ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నీళ్లు రెండు లీటర్లు ఉండాలి, బరువు ఎనిమిది కిలోలకి పోతుంది. పోనివ్వండి. నీళ్ల దగ్గర పొదుపు పనికిరాదు.

బట్టలు

జీన్సు ఇంట్లో వదిలెయ్యండి. 700 గ్రాములు తూగుతుంది, తడిస్తే వానాకాలంలో రెండో రోజుకి గానీ ఆరదు. పాలియెస్టరు ట్రాక్ ప్యాంటు గానీ పల్చటి టెరికాటన్ ప్యాంటు గానీ 300 గ్రాములుంటుంది, రాత్రి పిండి ఆరేస్తే తెల్లారేసరికి వేసుకోవచ్చు.

ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత, అంతే. సంచిలోది: పాలియెస్టరు టీషర్టు ఒకటి (150 గ్రాములు), పొడుగు చేతుల చొక్కా ఒకటి (200), ప్యాంటు ఒకటి (300), లోదుస్తులు రెండు (120), మేజోళ్లు ఒక జత (50), లుంగీ (250), ఫ్లీసు జాకెట్టు (400). ఆడవాళ్లు లుంగీ బదులు పల్చటి చున్నీ, పైజామా పెట్టుకుంటే బరువు అంతే వస్తుంది.

నూలు బనీను చలిలో మోసం చేస్తుంది. గంజాం తీరంలో ఉక్కకి చెమట పట్టి తడుస్తుంది, అదే బనీనుతో సాయంత్రానికి లక్ష్మీపూర్ దాటి కొండ మీదికి వస్తే ఆ తడి ఒంటికి అంటుకుని వణుకు పుట్టిస్తుంది. పాలియెస్టరు చెమటని పీల్చుకోదు, పది నిమిషాల గాలికి ఆరిపోతుంది. వాసన పడుతుంది, నిజమే. రోజూ రాత్రి ఉతకాలి.

డిసెంబరు, జనవరిల్లో సెమిలిగుడ, పొట్టంగి వైపు తెల్లవారుజాము చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. దానికోసం ఒకటిన్నర కిలోల ఊలు కోటు మొయ్యక్కర్లేదు. టీషర్టు మీద చొక్కా, దాని మీద ఫ్లీసు, అన్నిటి మీదా వాన జాకెట్టు తొడగండి. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది. పైనున్న వాన జాకెట్టు ఈదురు గాలిని ఆపుతుంది. చెవులకి మంకీ క్యాపు ఒకటి, 60 గ్రాములు, ఆ రెండు నెలల్లో మాత్రమే.

లుంగీ ఎవరేమన్నా తియ్యొద్దు. కప్పుకోవచ్చు, బావి దగ్గర స్నానానికి కట్టుకోవచ్చు, నాలుగు బట్టలు మూట కట్టి తలగడ చెయ్యొచ్చు, క్యాబిన్ అద్దానికి ఎండ తెరగా వెయ్యొచ్చు. టర్కీ తువ్వాలు మాత్రం వద్దు, తడిస్తే అర కిలో బరువు. ఒడిశా సంతల్లో దొరికే పల్చటి గమ్ఛా 120 గ్రాములే, గంటలో ఆరుతుంది, దుమ్ములో ముక్కుకి కట్టుకోవచ్చు.

పడక, దోమలు

టెంటు వద్దు. రెండు కిలోలు బరువు, వేసుకోవడానికి చోటు వెతకాలి, అడవి పక్క ఊళ్లలో రాత్రిపూట కొత్త టెంటు లేస్తే అర్ధరాత్రి లేపి ప్రశ్నలడుగుతారు. ఈ దారుల్లో రాత్రి గడిచే చోట్లు ధర్మశాలలు, లారీలు ఆగే డాబాల నులక మంచాలు. కాబట్టి పడక అంటే పల్చటి దుప్పటి (450 గ్రాములు), ఒంటరి నైలాను దోమతెర (350), కింద పరచడానికి పల్చటి ప్లాస్టిక్ పట్టా (200).

ఎంత తేలిక చేద్దామన్నా దోమతెర మాత్రం తీసెయ్యొద్దు. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాలు మలేరియాకి పాత చోట్లు. అందులోనూ మెదడుకి ఎక్కగల ఫాల్సిపేరం రకం ఒడిశాలో ఎక్కువ. మలేరియా దోమ కుట్టేది ప్రధానంగా చీకటి పడ్డాక, తెల్లవారుజామున. డాబా మంచానికి కోళ్లు కిందికే ఉంటాయి, తెర కట్టుకోవడానికి పైకి కర్రలుండవు. అందుకని ఐదు మీటర్ల నైలాను తాడు పెట్టుకోండి. తలవైపు ఒక స్తంభానికి, కాళ్లవైపు కిటికీ ఊచకో చెట్టుకో కట్టి, తెర నడుమ వెన్ను దాని మీదుగా వేలాడదీసి, అంచులు దుప్పటి కిందికి దోపాలి. అంచు వేలాడితే తెర ఉన్నా లేనట్టే. మోచెయ్యి తెరకి ఆనితే దోమ బయటినుంచే కుడుతుంది, కాబట్టి పొడుగు చేతుల చొక్కాతోనే పడుకోవాలి. చిన్న ఒడోమాస్ ట్యూబు సరిపోతుంది.

ప్రయాణంలో గానీ, ఇంటికొచ్చిన నెలలోపు గానీ జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని చూద్దామని ఆగొద్దు. ఆ రోజే రక్త పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు, పల్లెల్లో ఆశా కార్యకర్తల దగ్గర కూడా కిట్లుంటాయి. ఎక్కడెక్కడ తిరిగారో డాక్టరుకి చెప్పాలి.

వాన

సంచి మీద తొడిగే రెయిన్ కవరు నమ్మకస్తురాలు కాదు. అది వీపు వైపు మూయదు. నీళ్లు మీ మెడ మీంచి జారి పట్టీల వెంట సంచిలోకి దిగుతాయి. చెయ్యాల్సింది లోపలి నుంచి. హార్డ్‌వేరు కొట్లో మందపు పాలిథిన్ సంచి కొని (100 గ్రాములు) ముందు దాన్ని సంచిలో వేసి, అందులో సామాను సర్ది, మూతి మెలితిప్పి, మడిచి రబ్బరు బ్యాండు వెయ్యండి. చెత్తకి వాడే పల్చటి నల్ల సంచులు రెండో రోజుకే చిరుగుతాయి. ఫోను, కాగితాలకి వేరే జిప్ కవరు.

మనిషికి 300 గ్రాముల వాన జాకెట్టు. సంచితో సహా కప్పేసే పోంచో నడిచేవాళ్లకి బాగుంటుంది గానీ, మోటారు సైకిలు వెనక అది గాలికి రెపరెపలాడి చైనులోకో చక్రంలోకో దూరితే ప్రాణం మీదికొస్తుంది. కండువా, చున్నీ కూడా అంతే. బండి ఎక్కేముందు చొక్కాలోకి దోపాలి.

అక్టోబరులో బయల్దేరేవాళ్లు వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా గడప దాటొద్దు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. రెండూ అక్టోబరులోనే. ఆ రోజుల్లో చెట్లు పడి రోడ్లు మూసుకుపోతాయి, ఎంత మంచి సంచీ లిఫ్టు తెచ్చిపెట్టదు.

హెల్మెట్టు సంగతి

వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్టు తప్పనిసరని చట్టం. ఐఎస్ఐ గుర్తున్నది కిలో పైచిలుకు తూగుతుంది, ఏడు కిలోల లెక్కని చెడగొడుతుంది. ఇక్కడ రెండే దారులు. మోటారు సైకిలు లిఫ్టులు అసలు తీసుకోకూడదని నిర్ణయించుకుంటే హెల్మెట్టు అక్కర్లేదు, జాతీయ రహదారి మీద లారీలు, కార్లతోనే సాగాలి. లోపలి ఊళ్లకి వెళ్లే ఉద్దేశం ఉంటే కిలో బరువు ఒప్పుకుని పెట్టుకెళ్లాలి. ఆ కిలో కోసం తిండి అంతా, ఫ్లీసు కూడా తీసేసినా తప్పులేదు. ఖాళీ హెల్మెట్టులో చెప్పులు, గమ్ఛా కుక్కి సంచి పై మూత కింద బిగిస్తే చోటు వృథా కాదు. పక్కకి వేలాడదీస్తే లారీ మెట్లెక్కేటప్పుడు తలుపుకి తగిలి ఊగుతుంది.

తిండి, మందులు

స్టవ్వు, గిన్నెలు వద్దు. అటుకులు 200 గ్రాములు, వేయించిన వేరుశనగ గుళ్లు 200, బెల్లం 100. అటుకులు నీళ్లు చల్లి ఐదు నిమిషాలు ఉంచితే మెత్తబడతాయి. దారిలో అయిపోతే ఒడిశాలో ఏ కిరాణా కొట్లోనైనా మూరీలు (మరమరాలు) దొరుకుతాయి. ఇంట్లో అమ్మ ఆవకాయ సీసా పెడతానంటుంది. మూత ఎంత బిగించినా ఘాట్ కుదుపులకి నూనె కారుతుంది, కారిన నూనె దుప్పటికి పట్టిందా ఇక వదలదు. నొప్పించకుండా కందిపొడి పొట్లం అడగండి.

మందుల్లో పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములవి పది, ఓఆర్ఎస్ పెద్ద పొట్లాలు మూడు, గాయాలకి పూసే మందు, బ్యాండేజీ చుట్ట, అతుకు పట్టీలు ఆరు, మీరు రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులు అదనంగా. పెద్ద ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లకి ఒకటి. సగం పొట్లం గ్లాసుడు నీళ్లలో కలిపి తాగితే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు చేస్తుంది. సుంకి ఘాట్, కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లు డాక్టరుని అడిగి మాత్ర పెట్టుకోవాలి. డ్రైవరు క్యాబిన్‌లో వాంతి చేసుకుంటే తరవాతి మలుపులోనే దింపేస్తాడు, తప్పు పట్టలేం.

నడుం పర్సులో ఉండాల్సినవి

సంచి పోయినా ఇల్లు చేరగలగాలి. అందుకు కావలసినవి ఒంటి మీదే ఉండాలి, నిద్రలో కూడా తియ్యకూడదు. ఫోను, ఆధార్ కార్డు, రక్తం గ్రూపూ ఇంటి నంబరూ రాసి ల్యామినేట్ చేసిన కాగితం, డబ్బు. కాగితం మీద 112, 108 తోపాటు జాతీయ రహదారుల సాయానికి 1033 కూడా రాసుకోండి. ఆధార్ నకలు ఒకటి సంచిలో, ఒకటి డిజిలాకర్‌లో.

నగదు 2,000 రూపాయలు, అందులో సగం ఇరవైలు, యాభైలు, వందలు. కొండల్లో సిగ్నల్ లేని చోట్ల ఫోను చెల్లింపు నడవదు. లారీవాళ్లు చాలామంది బస్సు చార్జీలో కొంత అడుగుతారు. ఎక్కకముందే ఎంతని అడిగి ఒప్పుకుంటే దిగేటప్పుడు గొడవుండదు. ఐదు వందల నోటు తీస్తే చిల్లర లేదంటారు. మిగతా సగం డబ్బు మేజోడులోనో, ప్యాంటు లోపలి జేబులోనో.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్ చాలు, 220 గ్రాములు. 20,000ది దాదాపు రెట్టింపు బరువు. వేరే కంపెనీ సిమ్ముతో ఒక బటన్ల ఫోను (90 గ్రాములు) పెట్టుకుంటే పెద్ద ఫోను చచ్చినా మాట అందుతుంది. మ్యాపు ముందే దించుకోవాలి.

చెక్‌పోస్టులు

కోరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి గంజాయి రవాణా జరుగుతుందని ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పోలీసులు సరిహద్దు రోడ్ల మీద గట్టిగా తనిఖీ చేస్తారు. లిఫ్టులో వచ్చే ఒంటరి మనిషి సంచిని ముందు విప్పమంటారు. సామానంతా కనిపించే పారదర్శక కవర్లలో, నాలుగైదు మూటలుగా సర్దితే రెండు నిమిషాల్లో చూపించి మూసెయ్యొచ్చు. మాసిన బట్టల మధ్య తెలియని పొట్లాలు కుక్కి ఉంటే అరగంట నిలబెడతారు, మీకు లిఫ్టిచ్చిన లారీ మిమ్మల్ని వదిలేసి పోతుంది.

ఎవరిచ్చిన పార్సిలూ తీసుకోవద్దు. "జగదల్‌పూర్ బస్టాండులో మా తమ్ముడొస్తాడు, ఇచ్చెయ్ బాబూ" అన్నా వద్దు. డ్రైవరు ఇచ్చినా వద్దు. గంజాయి ఎవరి సంచిలో దొరికితే కేసు వాళ్ల మీదే ముందు పడుతుంది. డాబా దగ్గర టీకి దిగినా సంచి భుజాన వేసుకునే దిగాలి. మందు సీసా కూడా వద్దు. నాగపూర్ నుంచి ఆదిలాబాద్ మీదుగా తిరిగొచ్చేవాళ్లు హింగన్‌ఘాట్ దాటాలి, అది వార్ధా జిల్లా, అక్కడ మద్య నిషేధం ఉంది. గడ్చిరోలిలోనూ అంతే.

సర్దే వరస

1. పాలిథిన్ సంచి లోపల పరిచాక అట్టడుగున దుప్పటి, పట్టా. రాత్రి దాకా వీటితో పనిలేదు.
2. బరువైనవి (తిండి, పవర్ బ్యాంకు) నడుమ, వీపుకి ఆనేలా. బరువు బయటి వైపు ఉంటే భుజాలు వెనక్కి లాగుతాయి.
3. వాటి ముందు బట్టలు, చుట్టగా చుట్టి. మడత పెట్టినవాటికంటే తక్కువ చోటు తింటాయి.
4. పైన దోమతెర, ఫ్లీసు. పాలిథిన్ మూతి మూసేశాక దాని మీద వాన జాకెట్టు. వాన వచ్చినప్పుడు సంచి విప్పి వెతకాల్సిన అవసరం రాకూడదు.
5. పై జేబులో మందులు, టార్చి, దబ్బనం, నైలాను దారం, పిన్నీసులు ఆరు. పట్టీ పిగిలితే దబ్బనంతో నాలుగు కుట్లు వేస్తే ఊరు చేరతారు. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క రుద్దాలి.
6. నీళ్ల సీసా పక్క జేబులో. ఇంకేదీ బయట వేలాడకూడదు. పట్టీల చివరలు కూడా మడిచి దోపెయ్యాలి, లారీ తలుపు పిడికి తగులుకునేవి అవే.

ఊరి పేరు రాసే పలకకి పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట, లావు మార్కరు చాలు. చివరి ఊరు కాదు, తరవాతి పెద్ద ఊరు రాయాలి. బరంపురంలో నిలబడి "నాగపూర్" అని పట్టుకుంటే ఎవరూ ఆగరు. "రాయగడ" అంటే ఆగుతారు. ఒడిశాలో ఒడియాలో, జగదల్‌పూర్ దాటాక హిందీలో.

ఇద్దరు కలిసి వెళ్తే సబ్బు, పేస్టు, మందులు, పవర్ బ్యాంకు, తాడు ఒక్కటే చాలు. తలా పావు కిలో పైన తగ్గుతుంది. అయితే డబ్బు, కాగితాలు, నీళ్లు మాత్రం పంచుకోకూడదు, విడిపోయే పరిస్థితి రావచ్చు. ముగ్గురైతే లారీ క్యాబిన్‌లో పట్టరు. ఆడవాళ్లు తోడుతో వెళ్లడం, చీకటి పడకముందే బస చేరడం, ప్రతి బండి నంబరూ ఎక్కే ముందే ఇంటికి పంపడం పాటించాలి. ఒక విజిల్ మెడలో ఉంటే 10 గ్రాములు. నెలసరి సామాను మొత్తం ప్రయాణానికి సరిపడా ముందే పెట్టుకోవాలి, చిన్న ఊళ్ల కొట్లలో దొరక్కపోవచ్చు.

బయల్దేరే రెండు రోజుల ముందు

నిండు సంచి వేసుకుని మూడు కిలోమీటర్లు నడవండి. తరవాత కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని గంటసేపు కదలకుండా ఉండండి. కాళ్లు తిమ్మిరెక్కితే బరువు ఎక్కువ, గడ్డానికి తగిలితే ఎత్తు ఎక్కువ. ఆ రాత్రి దీపం ఆర్పేసి, టార్చి లేకుండా వాన జాకెట్టు, ఓఆర్ఎస్ చేత్తో తడిమి తియ్యగలగాలి. ఏదైనా నిచ్చెన మీద సంచితో ఎక్కి దిగి చూడండి. లారీ క్యాబిన్ నుంచి దిగేటప్పుడు మొహం బండి వైపు పెట్టి, రెండు చేతులూ కమ్మీల మీద ఉంచి వెనక్కి దిగాలి. రోడ్డు వైపు తిరిగి దూకేవాళ్ల మడమే బెణుకుతుంది. ఎక్కడా లోడు మీద కూర్చోవద్దు, చోటుంటే క్యాబిన్‌లోనే. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్లకి ప్రమాదంలో బీమా వర్తించడం కష్టం.

ఇంత తూచినా కోరాపుట్ చేరేసరికి రెండు మూడు వస్తువులు విప్పకుండానే మిగిలి ఉంటాయి. మందులు, వాన జాకెట్టు, దోమతెర కాకుండా ఇంకేవైనా మూడో రోజుకీ చెయ్యి పడలేదంటే, అక్కడి హెడ్ పోస్టాఫీసులో గుడ్డలో కుట్టి ఇంటి చిరునామా రాసి పార్సిల్ చేసెయ్యండి. దబ్బనం సంచిలో ఉండనే ఉంది.